బుడమేటి మీనమార్గము

విజయవాడ నగరమునకు తూర్పున, బందరు కాలువకును ఏలూరు కాలువకును నడుమ, లారీల కమాను కట్టలు విరిగినప్పుడును, ఇంజనులు మొరాయించినప్పుడును, బాడీలు తుప్పుపట్టినప్పుడును ఆంధ్రదేశమందలి వాహనయజమానులు ఏ దిక్కునకు దారితీయుదురో ఆ ఆటోనగరును తలచికొని మత్స్యములను గూర్చి ప్రసంగించుట వినువారికి వింతగా తోచవచ్చును. అక్కడ వినవచ్చునది సుత్తిదెబ్బ. కానవచ్చునది వెల్డింగు మెరుపు. నేలలో ఇంకియున్నది కాలిన ఆయిలు. కాని ఆ పేటకు కొద్దిదూరమున, జాతీయరహదారి వెంట ఎనికేపాడు ఉన్నది. అచ్చట బుడమేరు అను ఏరు డెల్టా కాలువ అడుగున కట్టిన సొరంగముగుండ దూరి, ఆవలిగట్టునకు చేరి, పల్లపు పొలములబడి కొల్లేటికి పోవుచున్నది. పైన కాలువ, క్రింద ఏరు. ఒకటి కృష్ణనీటిని పొలమునకు కొనిపోవునది, రెండవది కొండనీటిని సరస్సునకు కొనిపోవునది. ఈ రెండును ఒకదానినొకటి తాకకుండ సాగిపోవుటయే ఇంజనీరు దృష్టిలో ఆ కట్టడమునకు సార్థకత. చేప దృష్టితో చూచినచో అదే కట్టడము ఒక ద్వారము. అది తెరచియున్నదో, పూడియున్నదో ఆ యేటి పూడికను బట్టియు, నీటిమట్టమును బట్టియు తేలవలసినదే.

కృష్ణాడెల్టా చరిత్రను నీటిపారుదల చరిత్రగా వ్రాసినవారు కలరు, వరిపంట చరిత్రగా వ్రాసినవారు కలరు. మత్స్యములకు దారులు ఎప్పుడు మూసికొనెను, ఎచ్చట తెలియకయే తెరచికొనెను అను ప్రశ్నతో దానిని చదువుట ఈ వ్యాసోద్దేశ్యము. అట్లు చదివినప్పుడు మనము చేసిన మేలులును కీడులును చాలవరకు ఒకే స్వభావము గలవని నాకు తోచినది: ఏటిని ఒకరు, కాలువను ఒకరు, సరస్సును మరియొకరు, మురుగును వేరొకరు పంచుకొని, ఎవరి భాగమును వారు బాగుచేసికొనుచు, ఆ భాగములన్నిటిలోను ప్రవహించునది ఒకే నీరను సంగతిని ఎవరి దస్త్రములోను చేర్చకపోతిమి.

బుడమేరు మహానది కాదు. మైలవరము ప్రాంతపు గుట్టలలో పుట్టి, వెలగలేరు మీదుగా దిగి, బెజవాడ ఉత్తరపు అంచును ఒరసికొని పోవు కొండవాగు. వేసవిలో గుంటలును ఇసుకతిన్నెలును మాత్రమే మిగుల్చుకొని, వర్షర్తువున ఒక్కరాత్రిలో పొంగి ఊళ్లను ముంచు స్వభావము గలది. అందుచేతనే దానికి బెజవాడ దుఃఖదాయిని యను అపకీర్తి వచ్చినది. అది చేరు కొల్లేరు మాత్రము సామాన్యమైన జలాశయము కాదు. కృష్ణా గోదావరుల మేటలు సముద్రమును వెనుకకు నెట్టుచు పెరిగినప్పుడు ఆ రెండు మేటల నడుమ పూడక మిగిలిపోయిన పల్లము అది. దండి దశకుమారచరితమున ఆంధ్రనగరసమీపమున వర్ణించిన మహాసరస్సు ఇదియేయని పలువురు పండితుల ఊహ. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏళ్లు దానిలో పడును. దాని మిగులునీరు ఉప్పుటేటిగుండ సుమారు 60 కిలోమీటర్లు ప్రయాణించి సముద్రమును చేరును.

కొండవాగు, మంచినీటి సరస్సు, ఉప్పునీటి ఏరు అని మనము మూడు పేళ్లతో పిలుచుకొను ఈ జలము మత్స్యజాతికి ఒకే బాట. ఉప్పుటేటి పోటుతో రొయ్యపిల్లలును, సముద్రపు చేపపిల్లలును సరస్సులోనికి ఎక్కివచ్చును. తొలకరి వానకు కొండనీరు ఎఱ్ఱగా దిగి సరస్సు అంచును తాకినంతనే, అంతవరకు లోతునీటిలో అణగియున్న వాలుగలును, జెల్లలును, మార్పులును, బొమ్మిడాయిలును ఆ క్రొత్తనీటి వాసనపట్టి ఏటికెదురెక్కి, ముంపుపొలములలోను, వాగుల ఒడ్డున గడ్డి మునిగిన చోట్లను గ్రుడ్లుపెట్టును. పిల్లలు ఆ పలుచని వెచ్చని నీటిలో పెరిగి, వాన వెనుకపట్టినపుడు నీటితోపాటు దిగివచ్చును. చేప ఎదురెక్కు దినములు డెల్టా పల్లెటూళ్లలో పండుగదినములు. కాలువబోదెలకడ ఊతలు పట్టుకొని నిలుచుండు పిల్లలనుండి, కొల్లేటిలో తాటిదోనెలపై తిరుగుచు మావులు అను చేపబోనులను పన్ను వడ్డీలు అను జాలరుల వరకు ఆ గమనమును ఎరుగనివారు లేరు. ఏ మావు మూతిని ఏ నెలలో ఏ దిక్కునకు త్రిప్పి పెట్టవలెనో వడ్డీలకు తెలిసినంతగా ఏ మత్స్యశాస్త్రగ్రంథమును చెప్పజాలదు. మూతి ఎటువైపున్నది యను దానినిబట్టియే ఆ నెలలో చేప ఎటు పోవుచున్నదో మనము గ్రహింపవచ్చును.

పెద్దనది కథ వేరు. కృష్ణలోనికి సముద్రమునుండి ఎక్కివచ్చు మత్స్యములలో మేటియైనది పొలస. గోదావరీతీరమున పులసయని దానికి గల ప్రతిష్ఠ యెట్టిదో చెప్పనక్కరలేదు. దీనిని అచ్చులోనికి ఎక్కించినవారిలో ఒకడు పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు; ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్టణమున ఉండి, తీరపు జాలరులు తెచ్చిచూపిన చేపలకు బొమ్మలు వ్రాయించి, 200 మత్స్యములతో 1803 లో ఒక గ్రంథము వెలువరించెను. అందులో చాలచేపలకు జాలరులు చెప్పిన తెలుగుపేరే శీర్షిక, పొలసకును అంతే. తరువాతి శాస్త్రజ్ఞులు ఆ పేరుమీదనే ఒక శాస్త్రనామము కూడ కల్పించిరి. నేడు అంగీకృతమైనది టెన్యువలోసా ఇలిషా. సముద్రమున పెరిగి, వరదకాలమున నదికెక్కి గ్రుడ్లుపెట్టి, తిరిగి సముద్రమునకు పోవుట దీని జీవితక్రమము. ఉత్తరార్ధగోళపు చల్లని సముద్రములలోని సాల్మన్ అను చేపయు ఇట్టిదే. అందుచేత పొలసను సాల్మనుతో పోల్చుట ఆంగ్లేయుల కాలమునుండి ఉన్నది. ఈ పోలిక మనకు కలిగించిన నష్టము స్వల్పము కాదు.

1832-33 నాటి నందన కరువులో గుంటూరుసీమ శ్మశానప్రాయమైన పిమ్మట, కృష్ణకు ఆనకట్ట కట్టవలెనను ఆలోచన బలపడి, అధికారుల తర్జనభర్జనలలో ఏండ్లు గడచి, ఆర్థర్ కాటన్ ప్రేరణతో, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణమున 1852 లో పని ఆరంభమై 1855 లో ముగిసెను. ఇంద్రకీలాద్రికిని సీతానగరపు కొండకును నడుమ 3,700 అడుగులకు పైబడిన ఆ రాతికట్టు డెల్టాకు అన్నముపెట్టినది. దానిని గూర్చి కృతజ్ఞతాపూర్వకముగా తప్ప మాటలాడుటకు నాకు నోరురాదు. అయితే అదే కట్టు సముద్రమునుండి వచ్చు మత్స్యమునకు బెజవాడకడ నిషేధాజ్ఞయై నిలిచినది. వరద పొంగి ఆనకట్ట తలమీదుగా దొర్లునపుడు బలిష్ఠములైన చేపలు కొన్ని దాటియుండును. తక్కినవి కట్టు క్రింది మడుగులో గుమిగూడి వలలపాలైనవి. ఆనకట్ట క్రింద చేపలు విరివిగా దొరకుటను చూచి చేపలు వృద్ధియైనవని సంతోషించుట ఆ తొలినాళ్లలో సహజమే. బాట మూసినచోట ప్రయాణికులు గుమిగూడుదురను మాట అప్పటికి ఎవరికి తోచవలెను?

తోచినవానిని చూచినచో ఆశ్చర్యము కలుగును. 1867 లో, ఆనకట్టలు పూర్తియై డెల్టాలు పచ్చబడి యశస్సు దశదిశల వ్యాపించిన పిదప, తూర్పుతీరపు ప్రధాననదులకు అడ్డుకట్టలు పడినందున తీరమందలి చేపలవేటకు గొప్ప హాని కలిగియుండవలెనని ప్రభుత్వదృష్టికి తెచ్చినవాడు సాక్షాత్తు ఆర్థర్ కాటనే. విగ్రహములు నిలిపి పూజించుచున్న మనము ఆయన చరిత్రలోని ఈ పుటను అంతగా చదువలేదు. కట్టినవాడు తన కట్టడము యొక్క దోషమును తానే వేలెత్తిచూపుట ఏ కాలమునందైనను అరుదు. ఆయన మాటనుండి పుట్టిన విచారణ ఫ్రాన్సిస్ డే అను సైన్యవైద్యునకు అప్పగింపబడెను. డే మద్రాసు రాజధానిలోని నదులను, ఆనకట్టలను చూచి, పిమ్మట దేశమంతయు తిరిగి, 1873 లో మంచినీటి చేపలపై నివేదిక ప్రకటించి, అడ్డుకట్టలలో చేపలకు దారులు విడువవలెనని సలహాయిచ్చెను. ఆయన భారతీయ మత్స్యములను గూర్చి తరువాత వ్రాసిన మహాగ్రంథము నేటికిని శాస్త్రజ్ఞుల చేతిలో నలుగుచున్నది. చేపదారుల సలహా మాత్రము చాలకాలము బల్లసొరుగులో నిద్రించెను.

మేల్కొన్నప్పుడు అది తమిళదేశమున మేల్కొనెను. కావేరి శాఖయగు కొళ్ళిడం నదిపై దిగువ ఆనకట్టకు, ఐరోపాలో సాల్మనుకు కట్టు తీరున, అంచెలంచెలుగా నీరు దిగు మెట్లకట్టు నొకదానిని నిర్మించిరి. అదే నదీతీరమున ఇరువదవ శతాబ్ది తొలిదశకమున విల్సన్ అను అధికారి పొలసకు కృత్రిమముగా గర్భాధానము చేయించు ప్రయత్నములు జరిపెను. 1917 లో సుందరరాజ్ అను పరిశోధకుడు ఆ పరిశ్రమఫలమును, పొలస అలవాట్లను వివరించి ఒక వ్యాసము ప్రకటించెను. ఇంతయు శ్రద్ధతో చేసినదే. కాని పొలస ఆ మెట్లను ఎక్కలేదు. సాల్మను జలపాతమును చూచినచో ఎగిరి దుముకును. కండబలము దాని విద్య. పొలస ఎగురదు. నిండుగా, నిలకడగా, లోతుగా వచ్చు ప్రవాహమునకెదురు గుంపుగా ఈదుటయే దానికి తెలియును; వలలో తగిలినంతమాత్రమున ప్రాణము విడుచునంతటి సుకుమారి. పరదేశపు చేప గంతును కొలిచి మనచేపకు మెట్లు కట్టిన ఈ వృత్తాంతమును, నగరములందలి ఏళ్లను బాగుచేయవలెనని నేడు ఉత్సహించువారు తరచుగా స్మరింపవలసియున్నది. 1934 లో మెట్టూరు జలాశయము కావేరి వరదను పైననే పట్టివేసిన తరువాత ఆ మెట్లు మరింత నిష్ప్రయోజనములయ్యెను. పొలసకు కావలసినది వరద, ఆ వరదయే తగ్గిపోయినది.

కృష్ణలోను అదే క్రమము సాగినది. 1952 వరదలో పాత ఆనకట్ట గండిపడగా, దాని స్థానమున 1954-57 నడుమ తలుపులతో కూడిన బ్యారేజీని నిర్మించి ప్రకాశం పంతులుగారి పేరుపెట్టిరి. 1967 లో నాగార్జునసాగరమును, ఆ తరువాత శ్రీశైలమును నీరుపట్టినవి. బ్యారేజీకి దిగువ కృష్ణ సంవత్సరమున అధికభాగము ఇసుకపాయ. పులిగడ్డకడ చీలి హంసలదీవి దిక్కునకు పోవు ఆ పాయలకు మంచినీటి పిలుపు లేక, పోటుతో ఎక్కివచ్చు ఉప్పునీరే గతియైనది. పొలసమాట కృష్ణాతీరమున ముసలివారి ముచ్చటగా మిగిలినదన్నచో అది ఎవరి పాపమని చెప్పుట కష్టము; అన్నము తినిన ప్రతివానికిని అందులో భాగమున్నది.

కాని ఆనకట్ట ఒక బాటను మూసి, తాను ఉద్దేశింపని మరికొన్ని బాటలను తెరచినది. బెజవాడకడ కృష్ణ ఎడమగట్టునుండి బయలుదేరు ఏలూరు, రైవసు, బందరు కాలువలు సేద్యమునకు మాత్రమే త్రవ్వినవి కావు, అవి జలరహదారులు. ఏలూరు కాలువ గోదావరి కాలువతో కలిసి రెండునదుల డెల్టాలను జోడించెను. కుడిగట్టున కొమ్మమూరు కాలువ దక్షిణమునకు పోయి బకింగుహాం కాలువ మూలమున చెన్నపట్టణము వరకు పడవదారి యేర్పరచెను. ధాన్యపుబస్తాలు, ఉప్పు, కలప, పెండ్లిబృందములు, యాత్రికులు, నాటకసమాజములు పడవలలోనే ప్రయాణించెడివి. గాలి అనుకూలమైనపుడు తెరచాప. లేనినాడు గట్టువెంట మనుష్యులు త్రాడుతో లాగుట. లాకులకడ నీరు నిండువరకు నిరీక్షణము. పడవ నడువవలెనన్నచో కాలువకు లోతు ఉండవలెను, పూడిక తీయవలెను, గట్టు పదిలముగా ఉండవలెను, చెత్త పేరుకొనరాదు. పడవకు కావలసిన ఈ గుణములన్నియు చేపకును కావలసినవే యగుటచేత, ఎవ్వరును సంకల్పింపకయే కాలువలు శీలావతికి, బొచ్చెకు, ఎఱ్ఱమోసుకు క్రొత్త నివాసములై, నది కోల్పోయినదానిలో కొంతభాగమును పూరించినవి.

ఏటేట వేసవిలో కాలువలు కట్టివేయుట మాత్రము వాటికి గండము. తలుపులు దించగానే నీరుదిగి, లాకులకడను వంతెనలక్రిందను మడుగులు మిగులును. ఊరంతయు వలలతో, బుట్టలతో, చీరకొంగులతో దిగును. ఆ మడుగులలో కొన్ని లోతుగా మిగిలినంతకాలము తొలకరికి బీజము మిగిలెడిది.

1893 లో కృష్ణపై రైలువంతెన తెరచినపుడు పడవలకు మొదటి దెబ్బ తగిలినది. రోడ్లు బాగుపడి లారీలు పెరిగిన తరువాత రెండవది. నగరము నడుమ చెట్లక్రింద, రోడ్లపక్కన లారీలను బాగుచేయుచుండిన మేస్త్రీలకు ఒకచోట స్థలమిచ్చి జవహర్ ఆటోనగర్ అను పారిశ్రామికవాడను ఏర్పరచినది 1960 ల దశకమున. లేతుపనివారు, డెంటింగువారు, రేడియేటరు మేస్త్రీలు, బాడీకట్టు వడ్రంగులు, టైర్లకు క్రొత్తపట్టా వేయువారు, బ్యాటరీలవారు అందరును అచ్చట చేరి, పాతలారీ తలుపు మేకునుండి నిలువెత్తు బస్సువరకు చేయగల అపూర్వమైన హస్తనైపుణ్యమును ప్రోగుచేసిరి. అచ్చట చదువులేని కుర్రవాడు ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పును. ఆ విద్యను తక్కువచేయుట నా అభిప్రాయము కాదు. అయినను చరిత్రకారుడు గమనింపవలసిన కారణకార్యసంబంధము ఒకటి ఇచ్చట కలదు: సరకు కాలువనుండి రోడ్డుకు మారిన దినముననే కాలువను శుభ్రముగా ఉంచవలసిన స్వార్థము నశించినది. పడవకు అడ్డమని తీసిన పూడిక ఇక తీయువారు లేరు, గుఱ్ఱపుడెక్క, తూటికాడ అలముకొన్నవి, కాలువగట్లు ఇండ్లస్థలములైనవి, నగరము తన మురుగునకు వెదకికొన్న సులభమార్గము కాలువయే. ఆటోనగర్ వైపు మురుగును మోయు గుంటుతిప్ప కాలువ ఒకనాడు పొలముల మిగులునీటి బోదెలవంటిదేయని, ఇప్పటి దానిని చూచినవాడు నమ్మజాలడు.

బుడమేటి గతియు ఇట్టిదే. వెలగలేరుకడ రెగ్యులేటరు కట్టి, వరదనీటిని మళ్లింపుకాలువగుండ ఇబ్రహీంపట్నమువైపు త్రిప్పి బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపు ఏర్పాటు నగరరక్షణకై చేసిరి. 2015 లో పట్టిసీమ ఎత్తిపోతల నీటితో గోదావరి కృష్ణలో కలిసినదియు ఆ మళ్లింపుకాలువ చివరిభాగము మీదుగానే. రెగ్యులేటరుకు దిగువ పాత బుడమేరు నీరు తగ్గినకొలది సన్నగిల్లెను. సన్నగిల్లినకొలది ఇరుప్రక్కల ఇండ్లు దగ్గరకు జరిగెను. నగరములోని సింగునగరు ప్రాంతమున పెరిగినవారికి అది ఏరని చెప్పవలసిన అగత్యము చిరకాలముగా ఉన్నది.

కొల్లేటిలో జరిగినదానిని విపులముగా చెప్పుటకు వేరొక వ్యాసము కావలెను. 1970 ల దశకమునుండి ప్రభుత్వప్రోత్సాహమున సహకారసంఘములకు చెరువులు త్రవ్విపెట్టిరి. పిమ్మట ధనికులు ప్రవేశించి సరస్సును గట్లతో కోసికొనిరి. రాష్ట్రము చేపల ఉత్పత్తిలో దేశమునకు మొదటిదైనది, నిజమే. ఆ చేప గట్లలోపల తవుడు తిని పెరుగుచేప, ఏటికెదురెక్కునది కాదు. 1999 లో అయిదవ కాంటూరను ఎత్తుగీత లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యముగా ప్రకటించిరి; 2002 లో, ఇరాను దేశమందలి రాంసారులో 1971 లో జరిగిన ఒడంబడిక క్రింద, అంతర్జాతీయ ప్రాముఖ్యముగల తడినేలల జాబితాలో కొల్లేరు చేరెను; 2006 లో గట్లను యంత్రములతోను, మందుగుండుతోను బ్రద్దలుచేసిరి. కొల్లేటి ఆటపాకకు గూడబాతులు వచ్చినవని ఛాయాచిత్రములు వెలువడినవి. గట్లు పెక్కు తిరిగి లేచినవి కూడ. ఇందులో నేను ముఖ్యముగా గమనించునది వేరు: కొల్లేటిని రక్షింపవలెనను ఆ వివాదమంతటిలోను గీత సరస్సు అంచునకడనే గీయబడినది; దానిలో పడు ఏటిని గూర్చి, ఆ ఏటిమీదనున్న నగరమును గూర్చి మాట వచ్చినది తక్కువ.

ఏరు తనమాట తానే చెప్పుకొన్నది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన కుంభవృష్టికి మళ్లింపుకాలువ గట్టు మూడుచోట్ల గండిపడి, బుడమేరు తన పాతదారిని వెదకికొనుచు సింగునగరు, పాయకాపురము మొదలగు పేటలను దినములతరబడి ముంచినది. అదే సమయమున ప్రకాశం బ్యారేజీకడ 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహము నమోదై, 2009 నాటి 11.10 లక్షల రికార్డును దాటినది. నిండుకృష్ణ మళ్లింపునీటిని తనలోనికి రానీయలేదు. సైనికులు వచ్చి గండ్లు పూడ్చిరి. తరువాత ఆక్రమణలు తొలగింతుమని, గట్లు పెంతుమని, కాలువ వెడల్పు చేయుదుమని ప్రణాళికలు వెలువడినవి. వానిలో ప్రతి వాక్యమునకును కొలమానము క్యూసెక్కు. వరదలో ఇల్లు మునిగినవానికి క్యూసెక్కుకంటె ప్రియమైన మాట మరియొకటి ఉండదని ఎరుగుదును. కాని నిటారుగా సిమెంటుగోడలు కట్టి ఏటిని తూముగా మార్చినచో వరద వేగముగా ఎనికేపాడు చేరునే కాని, ఆ సొరంగము వెడల్పు కాదు, కొల్లేరు లోతు కాదు. వరదకు పరచుకొనుటకు పల్లపునేలలు విడుచుటయే నగరరక్షణకు కావలసినది. గ్రుడ్లుపెట్టుటకు చేప కోరునవియు ఆ పల్లములే. మనుష్యుని భయమును, చేప అవసరమును ఒకేచోటికి వచ్చి కలియుట ఇంత స్పష్టముగా వేరొకచోట కానరాదు.

ఇచ్చట అమెరికా పడమటితీరపు వృత్తాంతమొకటి ప్రస్తావింపవలసియున్నది. సియాటిల్ నగరముచుట్టు బెల్వ్యూ, రెడ్మండు వంటి ఊళ్లలో తెలుగుకుటుంబములు ఇప్పుడు వేలకొలది ఉన్నవి; ఇస్సక్వా అనుచోట అక్టోబరునందు సాల్మన్లు ఊరినడుమ ఏటికెక్కు ఉత్సవమునకు మనపిల్లలును పోయి చూచుచున్నారు. సియాటిల్ నగరములోని లాంగ్‌ఫెలో వంటి చిన్నఏళ్లను పట్టణవాసులు శ్రమించి బాగుచేసిరి: తూములు తొలగించిరి, వంపులు తిరిగి కల్పించిరి, గట్లపై చెట్లు నాటిరి, నీడకొరకు దుంగలు పడవేసిరి. కోహో జాతి సాల్మన్లు నిజముగానే తిరిగివచ్చినవి. వచ్చి, శరత్కాలపు తొలివాన కురియగానే, గ్రుడ్లుపెట్టకమునుపే దిక్కుతెలియనట్లు తిరిగి చచ్చినవి. దాదాపు రెండుదశాబ్దుల అన్వేషణము తరువాత, 2020 డిసెంబరున, వాషింగ్టన్ రాష్ట్రపు విశ్వవిద్యాలయముల పరిశోధకులు ఆ విషమేదో ప్రకటించిరి. టైర్లు పగులకుండ రబ్బరులో కలుపు 6 పీపీడీ అను ద్రవ్యము గాలిలోని ఓజోనుతో కలిసి క్వినోనుగా మారి, రోడ్డుపై రాలిన టైరుధూళినుండి వాననీటితో ఏటిలోనికి కొట్టుకొనిపోవుచున్నది. కోహోకు అత్యల్పమాత్రయే ప్రాణాంతకము. విచిత్రమేమనగా, అదే నీటిలో చమ్ అను మరియొక సాల్మను జాతి బ్రతికియున్నది. ఆ విషమును విరుచుటకు కనుగొన్న ఉపాయము చాల సామాన్యమైనది: రోడ్డునీటిని నేరుగా ఏటిలో విడువక, ఇసుకయు కంపోస్టు ఎరువును కలిపిన మట్టిగుంటలలో ఇంకించి, వడకట్టి విడుచుట.

ఆ దేశమున ఎల్వా నదిపైనున్న రెండు ఆనకట్టలను 2011-14 నడుమ కూల్చి సాల్మనుకు దారియిచ్చినారని వినినప్పుడు మనవారిలో కొందరు ఉప్పొంగుట చూచితిని. ఆ మాట ఇక్కడ చెల్లదు. ఆనకట్ట లేనిదే కృష్ణాడెల్టా లేదు. మనకు అక్కరకువచ్చునది ఎల్వా కథ కాదు, లాంగ్‌ఫెలో కథ. ఏటిరూపము బాగుపడిన మాత్రమున నీరు బాగుపడదను కథ. టైరుకు క్రొత్తపట్టా వేయుటకై పాతపట్టాను గీకి దుమ్ముచేయు అంగళ్లు, ఇంజనును డీజిలుతో కడుగు షెడ్లు, బ్యాటరీ ఆమ్లమును పారబోయు పెరళ్లు గల ఆటోనగరుకంటె ఆ పాఠమును చదువదగినచోటు దేశములో వేరొకటి ఉండదు. కాలిన ఆయిలును శుద్ధిచేయువారికే అమ్మవలెనను చట్టమున్నది; అమ్మినచో డబ్బు వచ్చునుగనుక డబ్బాలోనిది చాలవరకు అమ్ముచునేయున్నారు. మిగిలినది నేలపై చిందినది, గుడ్డలకు అంటినది, వానకు కొట్టుకొనిపోవునది. చట్టము కంటికి అది ఆనదు, ఏటికి ఆనును. వీధులచివర, మురుగుకాలువ మొదలుకాకముందు, మట్టిగుంటలకు కొంతస్థలము విడుచుట ఆ మేస్త్రీలకు తెలియని విద్య కాదు. రేడియేటరులో జల్లెడ ఎందుకుండునో వారికి ఎవ్వరును నేర్పనక్కరలేదు.

బుడమేటిని బాగుచేయదలచినచో, మొదట ఏ చేపకొరకు ఈ పని అను ప్రశ్నకు సమాధానము నిర్ణయించుకొనవలెను. పొలసను బుడమేటికి రప్పింతుమనుట కవిత్వము. అది ఎన్నడును ఆ వాగుచేప కాదు. వాలుగయు, జెల్లయు, మార్పును, బొమ్మిడాయియు దాని సొంతచేపలు. వాటికి మెట్లకట్టు అక్కరలేదు. ఎనికేపాటి సొరంగములో తొలకరికి మునుపే పూడిక తీయుటయు, వెలగలేరు తలుపులకు దిగువ వేసవిలో ఒకటిరెండు లోతుమడుగులు నిలుచునట్లు చూచుటయు, మొదటివానకు కొంతనీటిని పాతఏటిలోనికి విడుచుటయు వాటికి కావలసినవి. ఈ నీరు, ఈ తలుపులు, ఈ తేదీలు అన్నియు ఇదివరకే ఒకసభ చేతిలో ఉన్నవి. కాలువలు ఎప్పుడు కట్టవలెను, ఎప్పుడు విడువవలెను, వేసవిలో మంచినీటి చెరువులు నింపుటకు ఎంతనీరీయవలెను అని ఏటేట తేల్చు నీటిపారుదల సలహామండలి సమావేశమున, వరినారుకును త్రాగునీటికిని తరువాత మూడవ అంశముగా బుడమేటి తొలినీటి తేదీని చేర్చినచో దానికి ప్రత్యేకమైన ధనవ్యయము లేదు. ఆ తేదీని చెప్పుటకు మాత్రము ఇంజనీరు చాలడు. మావు మూతిని ఏ వానతో త్రిప్పవలెనో ఎరిగిన కొల్లేటి వడ్డీలనుండి ఒకరిద్దరిని ఆ సభకు పిలిచి, కుర్చీ వేసి, వారు చెప్పిన తేదీని మినిట్సు పుస్తకములో వ్రాసికొనవలసియుండును.